పెళ్లి చేసుకుంటే జీతం పెరుగుతుందా?

పెళ్లయిందా లేదా, గేనా కాదా అన్నదాన్ని బట్టి జీతాలు మారుతున్నాయంటే ఆ తేడా పుట్టేది ఆఫీసులోనా, ఇంట్లోనా? అన్నాచెల్లెళ్ల మధ్య ఇదీ గొడవ.

అన్నయ్య: జీతం పనికిస్తారు. ఎవరితో కాపురం చేస్తున్నావని ఏ హెచ్‌ఆర్ అడుగుతుంది?

చెల్లి: అడగరు, ఊహించుకుంటారు! అమెరికాలో టిల్చిక్ అనే సోషియాలజిస్టు 1,769 ఉద్యోగాలకి ఒకే స్థాయి రెజ్యూమెలు జంటగా పంపాడు. ఒకదాంట్లో కాలేజీలో గేల సంఘానికి కోశాధికారిగా చేశానని ఉంటుంది, రెండోదాంట్లో అదే పదవి, కాకపోతే వామపక్ష సంఘంలో. రెండోదానికి నూటికి 11.5 పిలుపులొస్తే మొదటిదానికి 7.2. ఇంకా పనిలోనే చేరలేదు, పనితనం ఎక్కడ చూశారు?

అన్నయ్య: పిలుపు వేరు, జీతం వేరు. సరే, వివక్షే అనుకుందాం. 2015లో క్లావిటర్ అనే ఆవిడ పాత అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే గే మగవాళ్లకి మిగతా మగవాళ్లకంటే సగటున 11 శాతం తక్కువ తేలింది, లెస్బియన్లకి మాత్రం మిగతా ఆడవాళ్లకంటే 9 శాతం ఎక్కువ. మరి బాసులు వాళ్లమీద పగబట్టి వీళ్లని నెత్తిన పెట్టుకున్నారా?

చెల్లి: ఎవరితో పోలుస్తున్నావో చూడు. పిల్లలు పుట్టాక ఉద్యోగం తగ్గించుకున్నవాళ్లు కూడా ఉన్న గుంపుతో కదా! అంత ఎక్కువొచ్చినా లెస్బియన్లు మగవాళ్ల జీతాన్ని అందుకోలేదు.

అన్నయ్య: నేననేదీ అదేనే! ఇంటిపని ఎవరి నెత్తిన పడితే వాళ్ల జీతం తగ్గుతుంది. ఆర్థికవేత్త గేరీ బెకర్ ఎప్పుడో చెప్పాడు, ఒకరు ఇల్లు చూసుకుంటే ఇంకొకరు సంపాదన మీద పడతారని. 2004లో అమెరికాలో అచ్చం ఒకేలా పుట్టిన కవలల్ని పోల్చి చూస్తే, పెళ్లయినవాడు పెళ్లికాని తోడబుట్టినవాడికంటే దాదాపు 26 శాతం ఎక్కువ సంపాదిస్తున్నాడు. ఇంట్లో అన్నీ చూసేవాళ్లుంటే రాత్రి తొమ్మిదిదాకా సీట్లో కూర్చోవచ్చు మరి.

చెల్లి: తొమ్మిదిదాకా కూర్చుంటేనే పనిమంతుడని తేల్చింది ఎవరు, ఆఫీసే కదా? 2007లో అమెరికాలో కోరెల్ అనే సోషియాలజిస్టు బృందం చేసిన ప్రయోగంలో అర్హతలు సమానంగా ఉన్నా, తల్లి అని తెలిస్తే తక్కువ జీతం సూచించారు, తండ్రి అని తెలిస్తే పైసా తగ్గించలేదు. అన్నయ్యా, దరఖాస్తు కాగితానికి ఇంటిపని ఎక్కడిది?

అన్నయ్య: అక్కడ జీతం సూచించింది కాలేజీ పిల్లలు, యజమానులు కారు.

చెల్లి: నిజం కంపెనీలకీ దరఖాస్తులు పంపారులే. తల్లులకంటే పిల్లల్లేనివాళ్లకి రెట్టింపు పిలుపులు.

అన్నయ్య: పిలుపుల దగ్గర వివక్ష ఉంది, ఒప్పుకుంటా. ఉద్యోగంలో చేరాక వచ్చే తేడాలో ఇంటి వాటా ఎంతో మాత్రం నువ్వింకా చెప్పనేలేదు.