నకిలీ పన్ను అధికారికి ప్రశంసాపత్రం

పన్ను శాఖ వారికి ఒక విన్నపం. మీ సిబ్బందికి శిక్షణ ఇప్పించాలంటే ఎక్కడికో పంపక్కర్లేదు. మీ పేరు చెప్పుకుని మాకు ఫోన్లు చేసే దొంగల దగ్గర వారం రోజులు కూర్చోబెట్టండి, చాలు.

రిటర్నులో చిన్న తప్పు దిద్దుకుందామని పోయిన నెల అసలు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమన్నారు, నొక్కాను. నాలుగు నొక్కమన్నారు, నొక్కాను. తర్వాత సంగీతం మొదలైంది. పన్నెండు సెకన్ల ముక్క అది. అవగానే ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న గరగర, మళ్ళీ మొదటికి. మధ్యమధ్యలో ఒకావిడ వచ్చి నా కాల్ తమకెంతో ముఖ్యమని చెప్పి వెళ్ళిపోయేది. 47వ నిమిషంలో ఒక మగగొంతు ‘హలో’ అంది. నేను నోరు తెరిచేలోగా లైన్ కట్టయింది.

దొంగగారు అలా కాదు. తనే ఫోన్ చేస్తాడు. పేరు, హోదా, బ్యాడ్జి నంబరు అడక్కుండానే చెబుతాడు. ఆదివారం కూడా డ్యూటీలోనే ఉంటాడు. అరగంటలో బకాయి కట్టకపోతే పోలీసులు బయల్దేరతారంటాడు. అరగంట! అసలు శాఖ అయితే ముందు నోటీసు పంపుతుంది, జవాబుకు గడువిస్తుంది, తన నిర్ణయం మనకు నచ్చకపోతే అప్పీలుకు పొమ్మంటుంది. ఇంత నత్తనడక నడిచేవాళ్ళను చూసి ఎవరు భయపడతారు?

పైగా దొంగగారికి మనమంటే ఎంత ఆపేక్షో. ‘ఫోన్ పెట్టకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పి టెన్షన్ పెట్టకండి’ అంటాడు. మన ఇంట్లోవాళ్ళ గురించి ఏ పన్ను అధికారి ఇంతగా ఆలోచించాడు?

వసూళ్ళలోనూ ఎంతో చొరవ. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో కొన్ని కాల్ సెంటర్ల మీద ఠాణే పోలీసులు దాడి చేస్తే వందలమంది దొరికారు. అమెరికా పన్ను సంస్థ ఐఆర్‌ఎస్ పేరుతో అమెరికన్లను బెదిరించి, ‘బకాయి’ని ఐట్యూన్స్ గిఫ్ట్ కార్డుల్లో కట్టించుకునేవారు. అగ్రరాజ్యపు ఖజానాకు పాటలు కొనుక్కునే కార్డులెందుకయ్యా అని అడిగే తీరిక అవతలివాడికి ఇవ్వకపోవడమే వాళ్ళ పనితనం. మన అధికారులు మాత్రం ఇంకా చలానా, పోర్టల్ అంటూ పాతచింతకాయ పచ్చడే. గిఫ్ట్ కార్డులు ముట్టరు, క్రిప్టో వద్దంటారు, పోనీ ఎవరో ఒకాయన యూపీఐకి కొట్టేస్తామన్నా ఒప్పుకోరు.

రిఫండ్ సంగతీ అంతే. దొంగ లింకు పంపి, కార్డు వివరాలూ ఓటీపీ చెబితే చాలు, డబ్బు వచ్చేస్తుందంటాడు. శాఖవారు అవేవీ అడగరు. రిటర్నులో రాసిన బ్యాంకు ఖాతాలో చప్పుడు చేయకుండా వేసేస్తారు. పలకరింపు కూడా ఉండదు.

కొందరు అనుమానప్పక్షులుంటారు. ఫోన్ తెరమీద శాఖ నంబరే కనబడినా నమ్మరు, దాన్నీ దొంగలు మార్చి చూపించగలరట. ఫోన్ పెట్టేసి, అధికారిక వెబ్‌సైట్లోని నంబరు వెతికి తామే చేస్తారు. నోటీసు వచ్చినా వదలరు. మన ఆదాయపు పన్ను శాఖ 2019 అక్టోబరు 1 నుంచి తన ఉత్తరాల మీద వేస్తున్న డిన్ అనే సంఖ్యను ఈ-ఫైలింగ్ పోర్టల్లో కొట్టి, అది అసలుదో కాదో చూస్తారు. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. ఇక డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి దొంగగారి కష్టార్జితం ఆపించాలని చూస్తారు. ఇలాంటివాళ్ళ వల్లే దేశంలో ఉపాధి పెరగడం లేదు.

నిన్న మళ్ళీ అసలు ఆఫీసుకు చేశాను. అదే సంగీతం, అదే గరగర. ఇరవయ్యో నిమిషంలో ఇంకో కాల్ వచ్చింది. చూస్తే దొంగగారు! నా పేరు మీద వారంటు తయారైందన్నాడు. ‘అయ్యా, మీ ఆఫీసు లైన్లోనే ఉన్నాను, వాళ్ళు ఎత్తేదాకా కాస్త ఆగండి’ అన్నాను. పాపం, నిమిషం కూడా ఆగలేకపోయాడు. ఎంత టాలెంట్ ఉంటే ఏం లాభం, సర్కారు నౌకరీకి పనికిరాడు.