దారులు మూస్తారు సరే, ఇంటికి చేర్చేదెవరు?

పండుగ దగ్గర పడిందంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట జనానికి ముందుగా అందేది ట్రాఫిక్ ప్రకటన. ఏ రోడ్డు ఎన్ని గంటలకు మూస్తారు, భారీ వాహనాలను ఎటు మళ్లిస్తారు, కార్లు ఎక్కడ నిలపాలి, బైకులు ఎక్కడ పెట్టాలి, అన్నీ అందులో వివరంగా ఉంటాయి. వినాయక నిమజ్జనానికి అదే పద్ధతి, సద్దుల బతుకమ్మకు అదే పద్ధతి, ఉర్సు రంగలీల మైదానంలో రావణ వధకూ అదే. కారు, బైకు లేని మనిషి ఆ రాత్రి ఇంటికి ఎట్లా చేరాలన్నది మాత్రం అందులో వెతికినా దొరకదు. ఏ బస్సు, ఎక్కడి నుంచి, ఎన్ని గంటల దాకా? ఈ మూడు ముక్కలు రాయడం మన యంత్రాంగానికి ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు.

ఇది చిన్న లోపమని సరిపెట్టుకోలేం. నగరంలో భద్రత అంటే వాహనాలను అదుపు చేయడమేనని అధికారులు అనుకుంటున్నంత కాలం, వాహనం లేనివాళ్లు వాళ్ల లెక్కలోకి రారు. సద్దుల బతుకమ్మ రాత్రి హనుమకొండలో పద్మాక్షి గుట్ట కింద ఉన్న పద్మాక్షి గుండం దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అట్లాంటి వాళ్లే. కరీమాబాద్ నుంచి, రంగశాయిపేట నుంచి, కాశిబుగ్గ నుంచి, మడికొండ నుంచి, హసన్‌పర్తి నుంచి బతుకమ్మలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లు. చంకలో పిల్ల, చేతిలో తాంబాళం, పక్కన నడవలేని అత్తగారు. హైదరాబాద్ నుంచి తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డలు కూడా వాళ్లతోనే ఉంటారు. ఆట ముగిసి, బతుకమ్మను నీళ్లలో వదిలి, సద్దులు పంచుకునేసరికి రాత్రి పొద్దుపోతుంది. అప్పుడు రోడ్డు మీదికి వచ్చి చూస్తే బారికేడ్లు ఉంటాయి, విజిల్ వేసే కానిస్టేబుల్ ఉంటాడు. బస్సు ఎక్కడ ఆగుతుందో ఆ కానిస్టేబుల్‌నే అడిగితే ఆయనకూ తెలియదు. తప్పు ఆయనది కాదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించుకున్నాం. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా ప్రయాణం కల్పించారు. రెండూ మంచి నిర్ణయాలే, రెండింటినీ ఈ పత్రిక స్వాగతించింది. కానీ ఆడవాళ్ల పండుగ రోజున, ఆడవాళ్ల కోసం పెట్టిన పథకం, ఆడవాళ్లు ఇంటికి వెళ్లే వేళకు పనికి రాకపోతే ఏం లాభం? ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, నిజమే. ఆ టికెట్ కొట్టే కండక్టర్ ఆ రాత్రి అక్కడ ఉండాలి కదా. ప్రభుత్వం ఏడాది పొడవునా గొప్పగా చెప్పుకునే సాయం, సంవత్సరంలో అందరికంటే ఎక్కువ అవసరమైన రాత్రి అందకపోవడాన్ని మేము కపటమే అంటాం. ఇంతకంటే మెత్తని మాట మాకు దొరకలేదు.

బస్సు రాకపోతే జనం ఏం చేస్తారో అందరికీ తెలుసు. షేర్ ఆటో ఎక్కుతారు. వెనక సీటు నిండాక డ్రైవర్‌కు అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. సామాన్లు మోసే ట్రాలీ ఆటోలో పది మంది నిలబడతారు. మామూలు రోజు తీసుకునే చార్జీ ఆ రాత్రికి డ్రైవర్ నోటికొచ్చినంత అవుతుంది. మర్నాడు అదే పోలీసులు ఓవర్‌లోడ్ ఆటోల మీద కేసులు రాస్తారు, ప్రయాణికులే జాగ్రత్త పడాలని హితవు చెబుతారు. గత్యంతరం లేక ఎక్కిన మనిషికి ఆ హితవు ఎందుకు? కిక్కిరిసిన బండి ఎంత ప్రమాదమో ఉత్తర తెలంగాణకు ఎవరూ కొత్తగా నేర్పనవసరం లేదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో వందకు పైగా జనం ఉన్నారు. ఉండాల్సిన చోట ఇంకో బస్సు ఉంటే అంతమంది ఆ ఒక్కదాంట్లోకి ఎందుకు ఎక్కేవారన్న ప్రశ్న ఆ రోజు ఊరూరా వినిపించింది. ఇప్పుడు పండుగ ఏర్పాట్ల మీద మేము అడుగుతున్నదీ అదే.

పోలీసులు పండుగ రాత్రి తమ ఇంటి బతుకమ్మను వదిలి రోడ్డు మీద నిలబడతారు. జనం నిండిన దారిలో బస్సు తిప్పడం కష్టమని ఆర్టీసీ చెప్పే మాటలోనూ కొంత నిజం ఉంది. జనం మధ్యలోకి బస్సు తేవాలని మేము అడగడం లేదు. జనం నడిచి చేరుకోగలిగిన దూరంలో, రద్దీ అంచున, దీపం వెలిగే చోట బస్సులు వరుసగా నిలిపి ఉంచమంటున్నాం. కార్లకు పార్కింగ్ స్థలం వెతకగలిగిన వాళ్లకు బస్సులకు ఒక స్థలం వెతకడం అంత కష్టమా?

కష్టం కాదని మేడారం చూపించింది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని ఆ అడవి ఊరికి రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరకు జనం పోటెత్తుతారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరకు ఆరు వేల ప్రత్యేక బస్సులు నడుపుతామని ఆర్టీసీయే ప్రకటించింది. అక్కడ తాత్కాలిక బస్టాండ్ కట్టారు, ఊరి పేర్లతో క్యూ లైన్లు పెట్టారు, ఎక్కడెక్కడి డిపోల నుంచో డ్రైవర్లను, కండక్టర్లను, మెకానిక్‌లను రప్పించారు. సమ్మక్క గద్దెకు వచ్చే ఘడియకు ఎంత రద్దీ ఉంటుందో, దేవతల వనప్రవేశం తర్వాత తిరుగు ప్రయాణం ఎప్పుడు ఎక్కువవుతుందో ముందే అంచనా వేసుకుని బస్సులు సిద్ధంగా ఉంచారు. ఆ జాతరకు వెళ్లిన ఆడవాళ్లు మహాలక్ష్మి కింద ఉచితంగానే ప్రయాణించారు. 2026 జనవరి చివర్లో జరిగిన జాతరకూ అదే తీరులో ఏర్పాట్లు నడిచాయి. మేడారం జాతరలో ఇబ్బందులే లేవని మేము అనడం లేదు. ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కున్న వాళ్లు ఉన్నారు. అయినా వచ్చిన మనిషిని తిరిగి ఊరికి చేర్చే బాధ్యత తమదేనని ఆ నాలుగు రోజులు యంత్రాంగం ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలే ఇక్కడ లేనిది.

సుమారు వంద కిలోమీటర్ల దూరంలో అడవి మధ్య చేతనైన పని, హనుమకొండ, వరంగల్-1, వరంగల్-2 మూడు డిపోలూ చేతికందే దూరంలో ఉన్న నగరంలో ఎందుకు చేతకాదు? మాకు తోచిన కారణాలు రెండు. మొదటిది డబ్బు. దసరా రోజుల్లో ఆర్టీసీ చూపంతా హైదరాబాద్ దారి మీద ఉంటుంది. ఖాళీగా తిరిగి రావాల్సిన ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల దాకా చార్జీ తీసుకునే వీలు 2003లో ఇచ్చిన జీవో 16తో సంస్థకు దక్కింది. ఉప్పల్ దాకా వెళ్లే బస్సుకు రాబడి ఉంది, కరీమాబాద్ దాకా జీరో టికెట్లతో వెళ్లే సిటీ బస్సుకు అంత లేదు. అప్పుల్లో ఉన్న సంస్థ రాబడి చూసుకోవడాన్ని మేము తప్పు పట్టం. కానీ నగరం లోపలి బస్సుకు అయ్యే ఖర్చును కార్పొరేషన్ భరిస్తుందా, ప్రభుత్వం భరిస్తుందా అన్నది తేల్చాల్సిన వాళ్లు దాన్ని తేల్చకుండా పండుగ తర్వాత పండుగను దాటవేస్తున్నారు. లైటింగ్‌కు, స్వాగత తోరణాలకు, వేదికలకు దొరికే డబ్బు ఒక రాత్రి బస్సులకు దొరకదా?

రెండోది, గీతల గొడవ. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్‌ను హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్‌ను వరంగల్ జిల్లాగా మార్చారు. అప్పటి నుంచి ఒకే నగరం ఇద్దరు కలెక్టర్ల కింద ఉంది. పద్మాక్షి గుట్ట ఒక జిల్లాలో, ఉర్సు గుట్ట ఇంకో జిల్లాలో. హనుమకొండలో బతుకమ్మ ఆడి కాశిబుగ్గకు వెళ్లే ఆడమనిషి తెలియకుండానే జిల్లా దాటుతోంది. కార్పొరేషన్ ఒకటే, పోలీస్ కమిషనరేట్ ఒకటే, కానీ పండుగ సమీక్షలు మాత్రం ఏ జిల్లాకు ఆ జిల్లాలో. ఇటు కలెక్టరేట్‌లో గుండం దగ్గర లైట్లు, గజ ఈతగాళ్లు, తాగునీళ్ల గురించి మాట్లాడతారు. అటు కలెక్టరేట్‌లో మైదానం గురించి మాట్లాడతారు. రెండింటి మధ్య జనం ఎట్లా కదులుతారన్నది ఏ బల్ల మీదికీ రాదు. వరంగల్ రైల్వే స్టేషన్ ఎదుట పాత బస్టాండ్ కూల్చి కొత్తది కడతామన్నాక ప్రయాణికులు ఎండలో, వానలో ఎన్నాళ్లు నిలబడ్డారో కూడా ఈ నగరం చూసింది. బస్సు మీద ఆధారపడే మనిషి అవసరం చివరికి నెట్టివేయడం ఇక్కడ పండుగకు మాత్రమే పరిమితమైన జబ్బు కాదు.

ఇదే ధోరణి మిగతా వేడుకల్లోనూ కనిపిస్తుంది. డిసెంబర్ 31 రాత్రి తాగి బండి నడపొద్దంటారు, అడుగడుగునా డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు పెడతారు. పెట్టాల్సిందే, తాగి నడిపేవాడి మీద మాకు ఏ జాలీ లేదు. మరి తాగనివాళ్లు, హోటళ్లలో, దుకాణాల్లో ఆ రాత్రి డ్యూటీ చేసి అర్ధరాత్రి ఇంటికి బయల్దేరే వాళ్లు ఏ బస్సు ఎక్కాలో ఎందుకు చెప్పరు? డీజేల సంగతీ అంతే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు మోగకూడదన్న నిబంధనను ప్రతి ప్రకటనలో రాస్తారు. ఎంజీఎం లాంటి ఆసుపత్రి చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్దం ఉండాలన్న నియమం కాగితం మీద భద్రంగానే ఉంది. నిమజ్జనం రాత్రి ఆ నియమం ఎంత అమలైందో మర్నాడు ఏ అధికారీ చెప్పడు. జనానికి చెప్పేది నిబంధన, తాము చేసింది మాత్రం చెప్పరు. మాకు ఆందోళన కలిగిస్తున్నది ఇదే. జాగ్రత్తలు చెప్పడంతో బాధ్యత తీరిపోయిందన్న అలవాటు ముదిరితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ముందే హెచ్చరించాం కదా అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఈ అలవాటు వరంగల్‌తో ఆగదు. ఇక్కడి ప్రకటనల నమూనానే జనగామలో, భూపాలపల్లిలో, మహబూబాబాద్‌లో, చిన్న మున్సిపాలిటీల్లో అనుసరిస్తారు. వేములవాడలో ఏడో రోజునే సద్దుల బతుకమ్మ ఆడతారు, వరంగల్‌లో తొమ్మిదో రోజు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గరికి, కొత్తకొండ వీరభద్రుడి దగ్గరికి జనం వెళ్తారు. ఏ ఊరి పండుగ ఏ రోజో, ఏ వేళకు జనం తిరుగుముఖం పడతారో స్థానిక డిపో మేనేజర్‌కు తెలిసినంతగా రాజధానిలో కూర్చున్న వాళ్లకు తెలియదు. ఆ డిపో మేనేజర్‌ను సమీక్షకు పిలిచి, హాజరు పట్టికలో సంతకం తీసుకుని పంపించేస్తే ఆయనకు తెలిసింది ఎవరికి ఉపయోగం?

వచ్చే సద్దులకు నాలుగు పనులు జరిగి తీరాలి. ఇద్దరు కలెక్టర్లు, పోలీస్ కమిషనర్, కార్పొరేషన్ కమిషనర్, ఆర్టీసీ రీజినల్ మేనేజర్ ఒకే బల్ల దగ్గర కూర్చుని నగరమంతటికీ ఒకే ప్రణాళిక వేయాలి. పార్కింగ్ స్థలాలు చూపే మ్యాపు మీదనే బస్సులు ఆగే చోట్లు, అవి వెళ్లే దారులు పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. గడియారం చూసి ఆఖరి బస్సు పంపించేయకుండా, గుండం దగ్గర జనం పలచబడే దాకా బస్సులు ఆగాలి. పండుగ ముగిసిన వారంలో ఎన్ని బస్సులు నడిపారో, ఎంతమందిని చేర్చారో, ఎక్కడ లోటు పడిందో జనానికి చెప్పాలి. ఈ చివరిది చేయడానికి రూపాయి ఖర్చు కూడా లేదు. అదీ చేయలేమంటే, చేయడం ఇష్టం లేదనే అర్థం చేసుకోవాల్సి వస్తుంది.

సద్దుల రోజు గుండం దగ్గర వేదిక మీద కూర్చునే మంత్రులు, ఎమ్మెల్యేలు, అధికారులకు మా సూటి ప్రశ్న. మీ ఇంటి ఆడవాళ్లను ఆ రాత్రి సైరన్ ఉన్న కారు లేకుండా, పద్మాక్షి గుట్ట నుంచి రంగశాయిపేట దాకా బస్సులో పంపించగలరా? పంపించలేమనుకుంటే, మిగతా ఆడబిడ్డలను ఇన్నేళ్లుగా ఏ ధైర్యంతో పంపిస్తున్నారో చెప్పండి. చెప్పలేకపోతే ఈ ఏడు వేదిక మీదికి రాకండి. ముందు ఆ బస్సుల సంగతి చూడండి.