పల్లెవెలుగు టికెట్‌కు గరుడ చార్జీ

శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రిపూట డిపార్చర్ల గేటు దగ్గర కాసేపు నిలబడితే, గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టొచ్చు. అట్టపెట్టెకు అడ్డంగా, నిలువుగా నైలాను తాడు బిగించి ఉంటుంది. దాని మీద మార్కర్ పెన్నుతో పేరు, ఊరు, ఫోన్ నంబరు. జగిత్యాల వైపు నుంచో నిజామాబాద్ వైపు నుంచో తుఫాన్ బండి మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ సాగనంపడానికి వస్తారు. లోపల కౌంటరు దగ్గర తూకం రెండు కిలోలు ఎక్కువ చూపించిందంటే పెట్టె విప్పాల్సిందే. ముందుగా బయటికొచ్చేది మామిడికాయ పచ్చడి డబ్బా.

అలా గల్ఫ్‌కు బయల్దేరిన ప్రయాణికుడి చేతిలో ఉన్నది దొరికినవాటిలోకెల్లా చౌక టికెట్. భోజనం లేదు, సీటు ఎంచుకోవాలంటే డబ్బులు, కిలో ఎక్కువైతే డబ్బులు. ఇవన్నీ తెలిసే కొన్నాడు. తెలియకుండా కొన్నది ఒకటుంది. అద్దంలా మెరిసే నేల, ఆకాశమంత ఎత్తు కప్పు, బ్రాండెడ్ షాపుల వరస. వీటిలో ఆయన వాటా యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు పేరుతో అదే టికెట్‌లో వసూలైపోయింది. ఆర్టీసీ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కేవాడి దగ్గర గరుడ చార్జీ అడిగితే ఊరుకుంటామా? విమానాశ్రయాల్లో మాత్రం ఏళ్ల తరబడి జరుగుతున్నది అదే. ఎవరూ పెద్దగా గొడవ చేయడం లేదు.

మన దేశంలో విమానం ఎక్కేవాళ్లలో అత్యధికులు చౌక విమానాల ప్రయాణికులే. దేశీయ ప్రయాణాల్లో ఒక్క ఇండిగో వాటాయే 60 శాతం దాటింది. ఆకాశ, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ దానికి అదనం. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ దక్కన్ మొదలుపెట్టినప్పుడు చౌక విమానమంటే ఓ వింత. ఇప్పుడు అదే మామూలు, మిగతాదే ప్రత్యేకం. విమానాలు మారాయి గానీ వాటికోసం కట్టే భవనాల తీరు మారలేదు. పెద్ద విమానాశ్రయాల్లో చౌక విమానాలకు వేరే టెర్మినల్ తెరవాలన్న మాట ఎప్పుడు వచ్చినా, పేదవాళ్లకో షెడ్డా అని ఒకరు, దేశం పరువేం కాను అని మరొకరు అంటారు. ఆ మాటల్లో పడి అసలు లెక్క చూడటం మానేస్తున్నాం.

లెక్క చూసినవాళ్లు లేకపోలేదు. 2006 మార్చిలో మూడు రోజుల తేడాతో ఆగ్నేయాసియాలో రెండు చౌక టెర్మినళ్లు తెరుచుకున్నాయి. 23న కౌలాలంపూర్‌లో, 26న సింగపూర్‌లో. సింగపూర్ చాంగీలో కట్టింది ఒకే అంతస్తు భవనం. ఏరోబ్రిడ్జి, అంటే భవనంలోంచి నేరుగా విమానం తలుపు దాకా నడిపించే వంతెన లేదు, కదిలే బాట లేదు. నేల మీద నడిచి వెళ్లి విమానం ఎక్కాలి. ఖర్చు సుమారు నాలుగున్నర కోట్ల సింగపూర్ డాలర్లు. తేడా ప్రయాణికుడికి టికెట్‌లోనే కనిపించింది. ప్రధాన టెర్మినళ్ల నుంచి బయల్దేరేవాళ్లు 21 డాలర్లు కడితే, ఇక్కడ 13 డాలర్లే. ఎనిమిది డాలర్లు చిన్న మొత్తంలా కనిపించవచ్చు. కానీ టికెట్టే యాభై డాలర్లకు దొరికే చోట అది చిన్నది కాదు.

కౌలాలంపూర్ కథ ఇంకా ఆసక్తికరం. అప్పుల్లో మునిగిన ఎయిర్ ఏషియా విమాన సంస్థను వ్యాపారి టోనీ ఫెర్నాండెజ్ 2001లో ఒక్క రింగిట్‌కు కొన్నప్పుడు దానికున్నవి రెండే విమానాలు. ఐదేళ్లు తిరిగేసరికి ప్రధాన టెర్మినల్ దాని అవసరాలకు సరిపోలేదు, దాని పద్ధతులకు అస్సలు సరిపడలేదు. అందుకే దాదాపు 11 కోట్ల రింగిట్లతో ఎల్‌సీసీటీ అనే చౌక టెర్మినల్ కట్టారు. ఏడాదికి కోటి మంది కోసం కట్టిన ఆ గిడ్డంగి లాంటి భవనంలో కూర్చోవడానికి కుర్చీ దొరికితే అదృష్టం. వానలో తడుస్తూ విమానం దాకా నడవాల్సి వచ్చిందని తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తిట్టుకుంటూనే ఎక్కారు. టికెట్ అంత తక్కువ మరి. రబ్బరు తోటల్లో పనికి వందేళ్ల కిందట ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు మలేసియాలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఉత్తరాంధ్రలోని తాతల ఊరు చూసి రావడం చేతికందింది ఇలాంటి టికెట్ల వల్లే.

కిక్కిరిసిపోయిన ఎల్‌సీసీటీ బదులు ఇంకో పెద్ద చౌక టెర్మినల్ కడదామనుకున్నారు. సబబే. మొదట అనుకున్న ఖర్చు 200 కోట్ల రింగిట్ల లోపు. గడువు పలుమార్లు జరిగింది, డిజైన్ మారింది, కొలతలు పెరిగాయి. చివరికి 2014 మే 2న కేఎల్ఐఏ2 అనే ఆ కొత్త టెర్మినల్ తెరుచుకునే నాటికి ఖర్చు 400 కోట్ల రింగిట్లకు చేరింది. ఏడాదికి నాలుగున్నర కోట్ల మంది పట్టే భవనం. విమానాలు కిందనుంచి వెళ్తుంటే పైన జనం నడిచే గాలివంతెన. రెండొందలకు పైగా షాపులున్న మాల్, దాన్ని దాటుకునే వెళ్లాలి చెక్ ఇన్ కౌంటర్లకు. ఏరోబ్రిడ్జిలు మాకొద్దు మొర్రో అని ఎయిర్ ఏషియా మొత్తుకున్నా పెట్టారు. మెత్తటి నేల మీద కట్టిన విమానాల పార్కింగ్ ప్రాంతం అక్కడక్కడా కుంగి నీళ్లు నిలిచాయి. విమాన సంస్థకూ విమానాశ్రయ యాజమాన్యానికీ మాటల యుద్ధం మొదలైంది.

అసలు కన్నా కొసరు ఎక్కువైతే ఏమవుతుందో ఆ తర్వాత తెలిసింది. టెర్మినల్ తెరిచినప్పుడు దూరదేశాలకు వెళ్లే ప్రయాణికుడి చార్జీ పాత షెడ్డులో ఉన్న 32 రింగిట్లే. పక్కనున్న ప్రధాన టెర్మినల్‌లో 65. మూడేళ్లకు 50 చేశారు. 2018లో రెండు టెర్మినళ్లకూ ఒకటే రేటు చేశారు, 73 రింగిట్లు. మేం 50కి మించి వసూలు చేయం, మా టెర్మినల్ వాళ్ల టెర్మినల్ ఒకటి కాదు అని ఎయిర్ ఏషియా మొండికేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. 2019లో హైకోర్టు విమానాశ్రయం పక్షాన తీర్పిచ్చి, నాలుగు కోట్ల రింగిట్లకు పైగా కట్టమంది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ చౌక ప్రయాణికుల కోసమంటూ మొదలైన భవనం, వాళ్ల దగ్గర ఖరీదైన ప్రయాణికుల రేటే వసూలు చేయడానికి కోర్టు మెట్లెక్కడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎయిర్ ఏషియా విమానంలో కౌలాలంపూర్ వెళ్లే మనవాళ్లు దిగేదీ, తిరిగి ఎక్కేదీ ఆ టెర్మినల్‌లోనే.

సింగపూర్ ఇంకో దారి పట్టింది. బడ్జెట్ టెర్మినల్‌ను ఆరున్నరేళ్లకే, 2012 సెప్టెంబరులో మూసి పడగొట్టేసింది. ఆ స్థలంలో 2017లో నాలుగో టెర్మినల్ తెరిచింది. దాన్ని చూపించి చౌక టెర్మినల్ ప్రయోగం విఫలమైందని చెప్పేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. మూసింది జనం రాక కాదు, స్థలం చాలక. అయితే అక్కడ ఒక పాఠం ఉంది. చౌక విమాన సంస్థల్లో టైగర్ వచ్చినట్టు జెట్‌స్టార్ రాలేదు. మరో విమానం మారాల్సిన ప్రయాణికుడిని, ప్రధాన భవనాలకు దూరంగా ఉన్న షెడ్డులో దింపితే ఎలాగన్నది దాని అభ్యంతరం. చౌక టెర్మినల్‌ను ఊరికి దూరంగా విసిరేసిన కాలనీలా కడితే అక్కడికి ఎవరూ రారు.

ఈ విషయంలో మాకు నచ్చిన ఉదాహరణ జపాన్‌లో ఉంది. టోక్యో దగ్గరి నారిటాలో 2015 ఏప్రిల్ 8న చౌక విమానాల కోసం మూడో టెర్మినల్ తెరిచారు. తెరిచినప్పుడు రెండో టెర్మినల్ నుంచి అక్కడికి అర కిలోమీటరుకు పైగా నడవాల్సి వచ్చేది. కదిలే బాటలు పెడితే ఖర్చు. పెట్టలేదు. బదులుగా నేల మీద స్కూలు మైదానంలో ఉండే రన్నింగ్ ట్రాక్ లాంటిది పరిచారు. నీలం గీత వెంట వెళ్తే విమానం ఎక్కుతారు, ఎర్ర గీత వెంట వస్తే బయటపడతారు. ట్రాక్ మెత్తగా ఉంటుంది కాబట్టి కాళ్లు నొప్పి పుట్టవు. బోర్డులు తక్కువ పెట్టినా దారి తప్పరు. సీలింగ్ వేయకుండా పైపులు కనపడేలా వదిలేశారు. కానీ ఫుడ్ కోర్టులో 450 మంది కూర్చోవచ్చు, రాత్రి విమానం కోసం కాచుకునేవాళ్లు నడుం వాల్చడానికి సోఫాలున్నాయి. తెరిచినప్పుడు విదేశీ ప్రయాణానికి ఇక్కడ చార్జీ 1,540 యెన్లు, మిగతా రెండు టెర్మినళ్లలో 2,610. పిండి కొద్దీ రొట్టె అంటాం కదా, అచ్చంగా అది. తగ్గించాల్సింది గోడల మీద, కప్పు మీద, హంగుల మీద. మనుషుల మీద కాదు.

మన దగ్గర ఇలా ఎందుకు జరగదు? విమానాశ్రయాల మీద ద్వేషంతో అడుగుతున్న ప్రశ్న కాదిది. చార్జీలు నిర్ణయించే పద్ధతిలోనే కిటుకు ఉంది. పెద్ద విమానాశ్రయాల చార్జీలను ఎయిర్‌పోర్ట్స్ ఎకనమిక్ రెగ్యులేటరీ అథారిటీ, వాడుకలో ఏరా, ఐదేళ్లకోసారి ఖరారు చేస్తుంది. కట్టడానికి పెట్టిన పెట్టుబడిని ఆస్తి కింద లెక్కగట్టి, దాని మీద ఇంత శాతమని రాబడికి హామీ ఇస్తుంది. అంటే భవనం ఎంత ఖరీదైతే హామీ రాబడి అంత పెద్దది. ఆ రాబడి వచ్చేది ప్రయాణికుడి జేబులోంచే. పొదుపుగా కట్టేవాడికి ఇందులో దక్కేదేమీ లేదు. ఇక షాపుల మీద, పార్కింగ్ మీద వచ్చే ఆదాయంలో 30 శాతాన్నే చార్జీలు తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. మిగతాది నిర్వాహకుడిది. మాల్ ఎందుకు అంత పెద్దగా ఉంటుందో, టీ ఎందుకు అంత రేటుంటుందో వేరే చెప్పాలా?

ఢిల్లీ ఒకటో టెర్మినల్‌నే తీసుకోండి. జనం నోట అది ఎప్పటినుంచో చౌక విమానాల టెర్మినలే. దాని విస్తరణను 2024 మార్చి 10న ప్రారంభించారు. జూన్ 28న భారీ వానకు పాత భాగంలోని పందిరి కూలి ఓ క్యాబ్ డ్రైవర్ ప్రాణం పోయింది. ఆగస్టు 17న కొత్త భాగం నుంచి విమానాలు మొదలయ్యాయి. ఏడాదికి నాలుగు కోట్ల మంది పట్టే కట్టడం, 22 ఏరోబ్రిడ్జిలు. అక్కడ ఎక్కినా, మూడో టెర్మినల్‌లో ఎక్కినా దేశీయ ప్రయాణికుడు కట్టే ఫీజు ఒకటే. పేరుకు చౌక టెర్మినల్, లెక్కలో కాదు.

ఏరోబ్రిడ్జి అనగానే సౌకర్యం గుర్తొస్తుంది. చౌక విమాన సంస్థకు మాత్రం అది ఆలస్యం. విమానం గాల్లో ఉంటేనే సంపాదన. దిగిన అరగంటలో మళ్లీ లేవాలంటే ముందు తలుపు, వెనక తలుపు రెండింటినీ వాడాలి. ఏరోబ్రిడ్జికి ఒక్క తలుపే పనిచేస్తుంది. ఇండిగో మెట్ల బదులు వాలు ర్యాంపులు వాడుతోంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను నలుగురు కలిసి మోసుకెళ్లే అవస్థ తప్పింది, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లకు మెట్లెక్కే బాధ తప్పింది. కోట్లు పోసి కట్టిన వంతెన చేసే పనే ఒక ఇనుప ర్యాంపు చేసింది. మన ఎండల్లో, వానల్లో దాని మీద ఓ పైకప్పు మాత్రం తప్పదు.

కాబట్టి మేం కోరుతున్నది కొత్తదేమీ కాదు. ఇకపై ఏ పెద్ద విమానాశ్రయం విస్తరించినా, అందులో ఒక భాగాన్ని పొదుపుగా కట్టాలి. దాని చార్జీని విడిగా లెక్కగట్టి, ఆ తగ్గుదలను టికెట్ మీద కనిపించేలా అచ్చువేయాలి. అది లేకుండా చౌక టెర్మినల్ అంటూ రిబ్బను కత్తిరిస్తే, ప్రయాణికుడికి సౌకర్యం పోయి, రేటు మాత్రం అలాగే ఉంటుంది. అంతకన్నా ఇప్పుడున్నదే నయం. మంచినీళ్లు, కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్లు, ఊళ్లోకి బస్సు, ఇవి హంగుల పద్దులో రావు. కట్టడం భద్రత గురించి చెప్పాల్సిన పనే లేదు.

పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. పది రూపాయలకే టీ, ఇరవైకి సమోసా. జనం బారులు తీరారు. పది రూపాయల టీ ఇవ్వగలిగినప్పుడు, తక్కువ రేటు టెర్మినల్ ఎందుకు ఇవ్వలేమన్నది ఆ క్యూలో నిలబడ్డ ఎవరికైనా వచ్చే సందేహమే. శ్రీకాకుళం ఎంపీగా ఆయన నియోజకవర్గం నుంచి వలస వెళ్లేవాళ్ల సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్లకు దగ్గరవుతున్నది భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వస్తున్న విమానాశ్రయం. దాన్ని కడుతున్న జీఎంఆరే శంషాబాద్‌నూ, ఢిల్లీనీ నడుపుతోంది. విస్తరణ దశలు ముందున్నాయి, నక్షాలు ఇంకా మార్చుకోవచ్చు.

చార్జీలు ఖరారు చేసే ముందు ఏరా ఓ సంప్రదింపుల పత్రం విడుదల చేసి అందరి అభిప్రాయాలూ అడుగుతుంది. దానికి బదులిచ్చేది ఎక్కువగా విమాన సంస్థలూ, వాటి సంఘాలే. తుఫాన్ బండిలో వచ్చినవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఆ పుటల్లో కనిపించరు. రెండు తెలుగు రాష్ట్రాల లోక్‌సభ ఎంపీలు కలిపి 42 మంది. వచ్చే పత్రానికి వాళ్లలో ఎందరు ఒక ఉత్తరమైనా రాస్తారో చూస్తాం.