‘యెస్’ కొట్టేస్తే ఏమీ కాదా?

దూరంగా ఉన్న సర్వర్లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్. దాని గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తెగ తిరుగుతోంది: “ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకున్నాక ఫింగర్‌ప్రింట్ గురించి టెన్షన్ వద్దు. నకిలీ సర్వరైనా మీ కీని దొంగిలించలేదు. అడిగితే యెస్ కొట్టండి. హెచ్చరిక వస్తే నోన్ హోస్ట్స్ ఫైలు చెరిపేయండి. పాస్‌ఫ్రేజ్ దండగ.” (ఫింగర్‌ప్రింట్ అంటే సర్వర్ కీని గుర్తుపట్టే అక్షరాల వరస. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు దాన్ని చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది; యెస్ అంటే ఆ కీని నోన్ హోస్ట్స్ ఫైల్లో దాచుకుంటుంది, తర్వాత అది మారితే హెచ్చరిస్తుంది. పాస్‌ఫ్రేజ్ అంటే మన కీ ఫైలుకి తాళంలా వేసే పాస్‌వర్డ్.)

కీని దొంగిలించలేదన్నది నిజమే. మన కీ ఒక జంట: సర్వర్లో పెట్టే పబ్లిక్ కీ, మన దగ్గరే దాచుకునే ప్రైవేట్ కీ. ప్రైవేట్ కీ మన మెషీన్ దాటదు, దాంతో చేసిన సంతకమే వెళ్తుంది. ఆ సంతకం కూడా ఆ ఒక్క సెషన్‌కే చెల్లుతుంది కాబట్టి, మధ్యలో నకిలీ సర్వర్ పెట్టినవాడు దాన్ని పట్టుకెళ్లి అసలు సర్వర్లో లాగిన్ కాలేడు. కానీ నకిలీ సర్వర్‌కి మన కీని సరిచూసుకోవాల్సిన పనేముంది? ఎవరొచ్చినా రమ్మంటుంది. ప్రాంప్ట్ అచ్చం మనదిలాగే కనిపిస్తుంది. అలవాటుగా సుడో (అడ్మిన్ హక్కులతో పని చేయించే కమాండ్) కొట్టి పాస్‌వర్డ్ టైప్ చేస్తాం, అది వాడి చేతికి పోయినట్టే. పంపిన కాన్ఫిగ్ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అదీ పోయింది. ఏజెంట్ అంటే మన కీని పట్టుకుని మన తరఫున సంతకాలు చేసే ప్రోగ్రామ్. దాన్ని సర్వర్‌ వైపు నుంచి కూడా వాడుకోనిచ్చే ఏజెంట్ ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉంటే ఇంకా ఘోరం: కనెక్షన్ ఉన్నంతసేపూ మన ఏజెంట్‌తో సంతకాలు పెట్టించుకుని వేరే సర్వర్లలో దూరొచ్చు. మనం ఎవరమో సర్వర్‌కి చెప్పేది మన కీ. ఆ సర్వర్ ఏదో మనకి చెప్పేది ఫింగర్‌ప్రింట్. ఈ పోస్టు రెండింటినీ కలిపేసింది.

అంత పొడుగు అక్షరాలు ఎవరు పోలుస్తారంటారా? మనం పోల్చక్కర్లేదు. క్లౌడ్ కన్సోల్ నుంచి సర్వర్లోకి వెళ్లి, దాని హోస్ట్ పబ్లిక్ కీ మీద ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే కమాండ్‌ని ‘ఎల్‌ఎఫ్’ ఆప్షన్‌తో నడిపితే ఫింగర్‌ప్రింట్ వస్తుంది. ఈ మధ్య వెర్షన్లలో యెస్ అనే బదులు దాన్నే పేస్ట్ చేయొచ్చు, సరిపోయిందో లేదో ప్రోగ్రామే చూసుకుంటుంది. సర్వర్‌కి వేర్వేరు రకాల కీలుండొచ్చు: ఆర్‌ఎస్‌ఏ రకం కీ ఫింగర్‌ప్రింట్ వేరు, ఈడీ25519 రకందాని ఫింగర్‌ప్రింట్ వేరు, అది గమనించండి. పాత డాక్యుమెంట్లలో కోలన్లతో కనిపించేది ఎండీ5 అనే పాత లెక్కతో తీసిన ఫింగర్‌ప్రింట్. 2015లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎక్కువమంది వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) 6.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ256 అనే లెక్కతో తీసింది చూపిస్తున్నారు.

ఇక హెచ్చరిక. సర్వర్‌ని రీఇన్‌స్టాల్ చేసినందుకే చాలాసార్లు వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ 2023 మార్చి 24న, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీని మార్చింది. ఆ ప్రైవేట్ కీ కాసేపు ఒక పబ్లిక్ రిపాజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ భాండారంలో) బయటపడడమే కారణం. పాత కీ సేవ్ అయి ఉన్నవాళ్లకి హెచ్చరిక వచ్చింది. అప్పుడు చేయాల్సింది గిట్‌హబ్ సైట్లో పెట్టిన కొత్త ఫింగర్‌ప్రింట్‌తో సరిచూసుకుని, ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కి పెద్ద ‘ఆర్’ ఆప్షన్ ఇచ్చి ఆ ఒక్క హోస్ట్ ఎంట్రీనే తీసేయడం. ఫైలంతా చెరిపితే మిగతా సర్వర్లన్నీ మళ్లీ కొత్తముఖాలే. నేనూ ఒకప్పుడు చెరిపాను, తర్వాత వారం రోజులు కళ్లు మూసుకుని యెస్‌లు కొడుతూ కూర్చున్నాను.

పాస్‌ఫ్రేజ్ లేకపోతే, కీ ఫైలు కాపీ అయిన మరుక్షణం నుంచి అది ఎవరిదైనా అవుతుంది. ఏజెంట్‌ వాడితే లాగిన్ అయినప్పుడల్లా టైప్ చేసే బాధ కూడా ఉండదు. పాత కీకి ఇప్పుడైనా పెట్టుకోవచ్చు: అదే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్, చిన్న ‘పి’ ఆప్షన్. పబ్లిక్ కీ మారదు కాబట్టి సర్వర్లలో ఏదీ ముట్టుకోనక్కర్లేదు.