ముసురుకి ఎన్ని మిల్లీమీటర్లు?

వానాకాలం వచ్చిందంటే టీవీ స్క్రోలింగులో రోజూ కనిపించే మాట 'భారీ నుంచి అతి భారీ వర్షాలు'. వాతావరణ శాఖ దగ్గర ఈ మాటలకు కచ్చితమైన లెక్క ఉంది. 24 గంటల్లో 64.4 మిల్లీమీటర్లు పడితే ఓ మోస్తరు వాన. 64.5 పడితే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ, 204.4 మించితే అత్యంత భారీ. జనాన్ని, అధికారులను అప్రమత్తం చేయాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. కానీ చూరు కింద నిలబడి వానను చూస్తున్న మనిషికి ఆ 0.1 మిల్లీమీటరు తేడా తెలుస్తుందా?

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాను. కంట్రోల్ సిస్టమ్స్ నా సబ్జెక్టు. సరిగ్గా ఈ గీత దగ్గరే నా సబ్జెక్టుకూ తులనాత్మక సాహిత్యానికీ (వేర్వేరు భాషల రచనలను పక్కపక్కన పెట్టి చదివే విద్యకూ) చుట్టరికం ఉందని నా నమ్మకం. మన యూనివర్సిటీల్లో ఆ చుట్టరికాన్ని ఎవరూ కలుపుకోవడం లేదన్నది నా బాధ.

కంట్రోల్ ఇంజినీరింగ్ అంటే, జరుగుతున్నది చూస్తూ చేస్తున్నది సరిదిద్దుకోవడం. గోదావరి మీద లాంచీ పక్కకు తిరుగుతుంటే సరంగు చుక్కాని తిప్పుతాడు, మరీ తిరిగితే మళ్లీ వెనక్కి తెస్తాడు. ఈ విద్యకు 1948లో 'సైబర్నెటిక్స్' అని పేరు పెట్టిన నార్బర్ట్ వీనర్ ఆ మాటను గ్రీకు నుంచి తీసుకున్నాడు. అక్కడ 'కుబెర్నేటీస్' అంటే చుక్కాని పట్టేవాడే. వీనర్ గణితవేత్త, యుద్ధకాలంలో విమానాలను కూల్చే ఫిరంగుల గురి మీద పనిచేశాడు. ఆయన తండ్రి లియో వీనర్ మాత్రం హార్వర్డ్‌లో స్లావిక్ భాషలు చెప్పిన ప్రొఫెసర్. యిద్దిష్ సాహిత్య చరిత్ర రాశాడు, టాల్‌స్టాయ్ రచనలను 24 సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ సంపుటాలు వెలువడే నాటికి కొడుక్కి పదేళ్లు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మాటను మోసుకెళ్లడం ఎంత కష్టమో ఆ పిల్లవాడు ఇంట్లోనే చూశాడు.

అందుకే 1947 మార్చిలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌ అధికారి వారెన్ వీవర్ అడగాల్సిన మనిషినే అడిగాడనిపిస్తుంది. యుద్ధంలో రహస్య సంకేతాలు విప్పినట్టే, యంత్రంతో ఒక భాషను ఇంకో భాషలోకి విప్పలేమా అని వీనర్‌కు ఉత్తరం రాశాడు. వేర్వేరు భాషల్లో మాటల సరిహద్దులు మరీ మసకగా ఉంటాయనీ, వాటిని అంటుకుని ఉండే భావాలు మరీ విస్తారమనీ, అందుకే తనకు ఆశ లేదనీ ఏప్రిల్ ఆఖర్లో వీనర్ జవాబిచ్చాడు. ఇప్పుడు ఫోన్లోనే అనువాదం చూస్తున్న మనకు ఆయన అంచనా తప్పిందనిపిస్తుంది. ఆయన చెప్పిన కారణం మాత్రం చెక్కుచెదరలేదు. 'నులివెచ్చ' ఎక్కడ అయిపోయి 'గోరువెచ్చ' ఎక్కడ మొదలవుతుంది? ఇంగ్లీషు 'వార్మ్' ఈ రెంటిలో దేనికి అతుకుతుంది? కథను అనువదించేవాళ్లు అరపూట ఆగిపోయేది ఇలాంటి చోటే.

ఆ ఉత్తరం నడిచిన 18 ఏళ్లకు, 1965లో, అదే మసకను గణితంలోకి తెచ్చింది ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు. లోట్ఫీ జాదే బాకూలో పుట్టాడు, టెహ్రాన్‌లో చదివాడు, అమెరికా వెళ్లి బర్కిలీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విభాగానికి అధిపతి అయ్యాడు. మూడు నాలుగు భాషల మధ్య బతికినవాడు. మాటల అంచులు ఎంత మసకగా ఉంటాయో అలాంటి మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన 'ఫజీ సెట్స్' (మసక అంచుల సమూహాలు) సారం ఇంతే: కాస్త వేడెక్కిన నీళ్లు 'గోరువెచ్చ' అనే మాటకు సగం, 'వేడి' అనే మాటకు పావు వంతు చెందవచ్చు. ఒక మాటలోంచి పూర్తిగా బయటికొస్తేనే ఇంకో మాటలో అడుగుపెట్టాలన్న రూలేమీ లేదు. ఎంత వేడికి ఆ మాట ఎంత వంతు అతుకుతుందో గ్రాఫు మీద ఒక వంపుగానో త్రిభుజంగానో గీస్తారు.

ఇది చదివితే తత్వంలా ఉంటుంది, వంటింట్లో చూస్తే పనిలా ఉంటుంది. సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడు మా అమ్మ పక్కన పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకునేది. గరిటెతో ఒక చుక్క అందులో వేసి వేలితో దగ్గరకు లాగేది. నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. మెత్తటి ఉండ కడితే సరిపోయింది. ఆ ఉండను పళ్లేనికి కొడితే టంగుమందంటే ముదిరిపోయినట్టే. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది, ఉండ కట్టకముందే ఆమె మంట తగ్గించేయడం. "ఇప్పుడు తగ్గించకపోతే దించేలోపు ముదిరిపోద్దిరా" అనేది. క్లాసులో డిలే (చేసిన పని ఫలితం ఆలస్యంగా కనిపించడం) గురించి బోర్డు నిండా సమీకరణాలు రాసేటప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆమె దగ్గర థర్మామీటరు లేదు. 'పాకం లేతగా ఉండి మంట మరీ పెద్దదైతే కొంచెం తగ్గించు' లాంటి నియమాలు పదో పన్నెండో ఉన్నాయి, అంతే.

1974లో లండన్ క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్దానీ, ఆయన విద్యార్థి సెద్రాక్ అసీలియన్ ఒక చిన్న ఆవిరి యంత్రం మీద చేసింది ఇదే. మమ్దానీ టాంజానియాలో పుట్టి, మన పుణె ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్నవాడు. బాయిలర్ పీడనాన్ని, యంత్రం వేగాన్ని అదుపులో పెట్టాలి. యంత్రానికి సమీకరణాలు రాసే బదులు, దాన్ని నడిపే మనిషి ఎలా చెబుతాడో అలాగే మాటల్లో నియమాలు రాసి, వాటికి జాదే లెక్కను జోడించారు. మరుసటి ఏడు వచ్చిన పేపరు పేరులోనే 'లింగ్విస్టిక్' అన్న మాట ఉంది. ఆ తర్వాత డెన్మార్క్‌లో సిమెంట్ బట్టీలను ఈ పద్ధతిలో నడిపారు. 1987లో జపాన్‌లోని సెండాయ్‌లో కుదుపు లేకుండా మెట్రో రైలు ఆగింది కూడా దీనితోనే. పల్నాడులోనో నల్గొండ వైపో సిమెంట్ ఫ్యాక్టరీల్లో లోపలి మంట రంగు చూసి బట్టీ సంగతి చెప్పే పాత ఆపరేటర్లతో మాట్లాడినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం కనిపించదు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఈ రంగంలో మహామహుడైన రుడాల్ఫ్ కాల్మన్ 1972లోనే, శాస్త్రంలో ఇంత సడలింపు పనికిరాదని బహిరంగంగా తప్పుపట్టాడు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. విమానానికి మాటల నియమాలతో కంట్రోలర్ పెడతానంటే, అది అదుపు తప్పదన్న నిరూపణ ముందు చూపించమని నేనూ అడుగుతాను.

నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. మన కాలేజీల నుంచి వచ్చే ఫజీ పేపర్లలో మాటలే మాయమైపోయాయి. డీసీ మోటారు వేగం, ఎన్‌బీ (నెగెటివ్ బిగ్), ఎన్‌ఎం (నెగెటివ్ మీడియం), ఎన్‌ఎస్ (నెగెటివ్ స్మాల్) లాంటి ఏడు గుర్తులు, మ్యాట్‌ల్యాబ్‌లో సిమ్యులేషన్, పాత కంట్రోలర్ కన్నా ఇది మెరుగని చివర ఒక గ్రాఫు. ఎన్‌బీ అంటే ఏ ఆపరేటరు చెప్పిన మాట, ఎవరిని అడిగి ఆ త్రిభుజాన్ని అక్కడ గీశావు అని వైవాలో అడిగితే పిల్లలు టెన్షన్ పడి "రిఫరెన్స్ పేపర్లో అలాగే ఉంది సార్" అంటారు. సాహిత్యం వైపు చూసినా పరిస్థితి ఇంతే. ఇద్దరు కవుల 'తులనాత్మక పరిశీలన' అని పేరు పెట్టి, పోలికలకొక అధ్యాయం, భేదాలకొక అధ్యాయం రాసేస్తారు. ఆ ఇద్దరినే ఎందుకు పోల్చాలన్న ప్రశ్న ఎక్కడా ఉండదు. పిల్లల్ని అనను. పేపర్లు లెక్కపెట్టి పీహెచ్‌డీలు, ప్రమోషన్లు ఇస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒక్కసారే 4,305 పత్రికలను తీసేయాల్సి వచ్చిందంటే ఈ లెక్కల జబ్బు ఎంత ముదిరిందో అర్థమవుతుంది.

దారులు విడిపోవడం పీహెచ్‌డీకి చాలా ముందే జరుగుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లల్లో చాలామంది మార్కుల కోసం సంస్కృతం పెట్టుకుని తెలుగును పదో తరగతిలోనే వదిలేస్తున్నారు. అదే పిల్లలు రేపు బట్టీ ఆపరేటరు మాటను నియమంగా మార్చాలి. అక్షరం పట్ల చెవి లేనివాళ్లు ఆ పని ఎలా చేస్తారు?

ఇంకోలా జరగొచ్చనడానికి కలకత్తా ఉంది. స్వదేశీ ఉద్యమంలో, 1906లో అక్కడ పుట్టిన జాతీయ విద్యా మండలి పిలుపు మీదే రవీంద్రనాథ్ టాగోర్ తులనాత్మక సాహిత్యం గురించి ప్రసంగించి, దానికి 'విశ్వసాహిత్యం' అని పేరు పెట్టాడు. ఆ మండలే పెరిగి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైంది. ఇంజినీరింగ్‌కు పేరుమోసిన ఆ చోటే 1956లో బుద్ధదేవ్ బోస్ చేతుల మీదుగా తులనాత్మక సాహిత్య విభాగం వచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988 నుంచీ తులనాత్మక సాహిత్య కేంద్రం ఉంది. అలాంటి చోటు నుంచి ఒక గైడు, ఇంజినీరింగ్ విభాగం నుంచి ఒక గైడు ఒకే థీసిస్ మీద సంతకం పెట్టే రోజు రావాలి. పేపర్ల లెక్కలో ఇద్దరికీ సమానంగా పూర్తి గుర్తింపు దక్కాలి.

అంశం నేనే చెబుతాను: వాన. తుంపర, జల్లు, ముసురు, కుంభవృష్టి అని మనకు మాటలున్నాయి. వీటిలో 'ముసురు'ను మిల్లీమీటర్లలో పెట్టలేం. అది పట్టి ఎన్ని గంటలైంది, ఎండ మొహం చూసి ఎన్నాళ్లయింది అన్నది కావాలి. అంటే జాదే పద్ధతిలో గీసే వంపుకు మిల్లీమీటర్ల కొలత ఒక్కటే చాలదు, కాలం కొలత కూడా కావాలి. 'పదును' ఇంకా గొప్ప మాట. నాగలి దిగేంత తడి నేలకు పడితే పదునైనట్టు. ఆకాశం నుంచి ఎంత పడిందో అది అడగదు, నేల ఎంత తాగిందో చెబుతుంది. ఒకే వాన ఎర్రనేలకు ఒక పదును, నల్లరేగడికి ఒక పదును. మా భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్‌ను వదిలేసి అవుట్‌పుట్‌ను కొలిచే మాట. రైతు 'అదునూ పదునూ' అని జంటగా అన్నప్పుడు అందులో సమయం కూడా చేరుతుంది. పొలం మోటారును దానంతట అదే ఆగేలా చేద్దామనుకునే కుర్రాళ్లకు కావాల్సిందంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఇక ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురం వైపు కథలో 'పెద్ద వాన' అన్నదీ, అంతకు చాలా ఎక్కువ పడే శ్రీకాకుళం కథలో 'పెద్ద వాన' అన్నదీ ఒకటేనా? దాన్ని తేల్చడానికి సాహిత్యం చదివినవాళ్లే కావాలి.

పని కూడా తేలికే. రెండు జిల్లాల్లో పది ఊళ్లు, ఊరికో వర్షమాపకం, ఒక నోటు పుస్తకం. తెల్లారగానే ఊళ్లో నలుగురు రైతుల్ని రాత్రి పడిన వానను ఏమంటారని అడిగి, ముందు ఆ మాట రాసుకోవాలి. ఆ తర్వాతే అంకె చూడాలి. అంకె ముందు బయటపడితే, తనకు తెలిసిన మాటను పక్కనబెట్టి టీవీ మాట చెప్పేస్తాడు మనిషి.