సవరణ: మూత్రం ఎర్రగా లేకపోయినా రక్తపరీక్ష అవసరమే

పోయిన వారం పాడి ఆవుల్లో పిడుదుల వల్ల వచ్చే రక్త పరాన్నజీవుల జబ్బుల గురించి రాస్తూ, "మూత్రం ఎర్రగా రాకపోతే రక్తపరీక్ష అక్కర్లేదు" అన్నాను. అది తప్పు. నర్సంపేట, పరకాల వైపు ఎవరైనా ఆ మాట నమ్మి పరీక్ష ఆపుకుని ఉంటే వెంటనే చేయించండి.

కాఫీ రంగు మూత్రం ముఖ్యంగా ఈ జబ్బుల్లో ఒకటైన బబీసియోసిస్ లక్షణం. మరొకటైన థైలీరియోసిస్‌లో అది సాధారణంగా కనిపించదు. దానికి 104 నుంచి 106 డిగ్రీల జ్వరం, భుజం ముందు చేతికి గట్టిగా తగిలే గడ్డ, పాలిపోయిన కంటి లోపలి పొర, ఇవి చూడాలి. పశువైద్య పాఠ్యపుస్తకాల్లో ఇలాగే ఉంది, మా పశువైద్యుడూ ఇదే చెప్పారు. చెవి నరం నుంచి తీసిన రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి చూస్తే ఏ క్రిమో చాలావరకు తెలుస్తుంది. తెలియడం ఎందుకు ముఖ్యమంటే మందులు వేరు: థైలీరియాకు బుపార్వాక్వోన్, బబీసియాకు డిమినజీన్.

హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకరజాతి ఆవులకు ముప్పు ఎక్కువని పోయిన వారం అన్న మాటలో మార్పు లేదు. కానీ నాటు ఆవులు కూడా జబ్బు పైకి కనిపించకుండా క్రిమిని మోస్తుంటాయి. పిడుదుల మందు వాటి ఒంటికీ రాయండి, కొట్టం గోడల నెర్రెల్లో కూడా కొట్టండి.