సవరణ: 1944లో పోయింది పెళ్లి నిషేధం, జీతాల తేడా కాదు

ఇంగ్లండ్ టీచరమ్మల గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో "1944 విద్యా చట్టంతో పెళ్లి నిషేధం పోయింది, జీతాలూ సమానమయ్యాయి" అని ఉంది. మొదటి సగం సరైనదే: పెళ్లయితే టీచరమ్మ ఉద్యోగం వదులుకోవాలన్న నియమం ఆ చట్టంతో పోయింది. రెండో సగాన్ని ఇలా చదువుకోండి: సమాన జీతం 1955లో విడతలుగా మొదలై 1961కి పూర్తయింది. అప్పటిదాకా బడి అదే, పాఠం అదే, జీతం మాత్రం మగ టీచరుకు వచ్చేదానిలో సుమారు ఐదింట నాలుగు వంతులు.

1944లో దాదాపు దక్కినంత పని అయింది. ఆ బిల్లు మీద చర్చలో థెల్మా కాజలెట్ కెయిర్ అనే కన్సర్వేటివ్ ఎంపీ టీచర్లకు సమాన జీతం కోరుతూ సవరణ పెట్టారు. 117–116తో, ఒక్క ఓటు తేడాతో నెగ్గింది కూడా. చర్చిల్ వెంటనే దాన్ని తన ప్రభుత్వంపై విశ్వాస పరీక్షగా మార్చి తిప్పికొట్టించాడు. యుద్ధం మధ్యలో ప్రధానిని ఎవరు దింపుతారు! సొంత పార్టీ మహిళ మాటకు ఇదా మర్యాద అనిపిస్తుంది నాకు.

పెళ్లి నిషేధం గురించీ ఒక మాట. అది దేశమంతటికీ ఒకే చట్టం కాదు, స్థానిక విద్యాధికారులు పెట్టుకున్న నియమం. లండన్ కౌంటీ కౌన్సిల్ 1935లోనే ఎత్తేసింది. వేల్స్‌లోని రోండాలో మాత్రం ఉద్యోగాలు పోయిన వివాహిత టీచర్లు కోర్టుకెక్కి 1923లో ఓడిపోయారు. మగ టీచర్లకు ఈ షరతు లేదని వేరే చెప్పాలా?

ఐర్లండ్‌ను ఇందులో కలపకండి. అక్కడ ప్రాథమిక బడుల్లో ఈ నిషేధం 1934లో వచ్చి 1958లో పోయింది.